విండో అనే మాట పుట్టుపూర్వోత్తరాలు

ఇంగ్లిష్ ‘విండో’ పలకడానికి ఒకే ముక్కలా ఉంటుంది గానీ అది సమాసం. మొదటి సగం ‘విండ్’, అంటే గాలి. అది పైకే కనపడుతుంది. రెండో సగం మాత్రం బాగా అరిగిపోయి ‘ఓ’ అనే ఒక్క ధ్వనిగా మిగిలింది. ఆ ధ్వనిలో దాగున్నది ‘కన్ను’. అయితే అది ఇంగ్లిష్ వాళ్ల కన్ను కాదు, ఉత్తర ఐరోపాలోని స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల కన్ను.

స్కాండినేవియాలో వెయ్యేళ్ల కిందట మాట్లాడిన భాషను పాత నార్స్ అంటారు. అందులో ‘విండ్ర్’ అంటే గాలి, ‘ఔగ’ అంటే కన్ను. రెండూ కలిపితే ‘విండౌగ’, గాలికన్ను. ఇంగ్లిష్ విండోకు మూలం ఇదే. ఈ సంగతి చాలా చోట్ల ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు. ఎలా తెలిసింది, ఇంకెలా అయి ఉండడానికి వీల్లేదు అన్నది చెప్పరు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

పాత ఇంగ్లిష్‌లో కన్నును ‘ఎయగె’ అనేవారు. అదే శతాబ్దాల మీద నేటి ‘ఐ’ అయింది. గాలికన్ను అనే కూర్పును ఇంగ్లిష్ వాళ్లే సొంతంగా చేసుకొని ఉంటే, దాని చివర ‘ఐ’ గానీ దానికి దగ్గరి ధ్వని గానీ మిగలాలి. మిగిలింది ‘ఓ’. 13వ శతాబ్దపు రాతల్లో ఈ మాట విండోగె, విండోహె, విండోవె అని రకరకాలుగా కనిపిస్తుంది. నార్స్ ‘ఔగ’లోని గకారం రెండు అచ్చుల మధ్య పడి మెత్తబడి, గొంతులో రాపిడిగా మారి, చివరికి వకారంలో కలిసిపోయిన మెట్లు ఈ రాతల్లో వరసగా దొరుకుతాయి.

ఈ మార్పు ఒక్క విండోకే జరిగి ఉంటే అనుమానించాల్సిందే. కానీ అదే కాలంలో అదే చోట పడిన గకారాలన్నీ ఇదే దారి పట్టాయి. నార్స్ ‘లాగ్ర్’ ఇంగ్లిష్‌లో ‘లో’ అయింది, అంటే పొట్టి, కింద ఉన్న. విల్లుకు పాత ఇంగ్లిష్ మాట ‘బొగ’. అది ‘బో’ అయింది. నార్స్ ‘ఫేలాగి’ నుంచి ‘ఫెలో’ వచ్చింది. ఈ ఫెలో కూడా సమాసమే. ‘ఫే’ అంటే పశువులు, సొమ్ము. ‘లాగ్’ అంటే పెట్టడం. ఒక వ్యాపారంలో సొమ్ము కలిపి పెట్టిన భాగస్వామి ఫేలాగి. ఆ ‘ఫే’కూ సంస్కృత ‘పశు’కూ మూలం ఒకటే. ధ్వని మార్పు నియమంగా నడిచిందని చూపించగలిగితేనే వ్యుత్పత్తి నిలుస్తుంది. పోలిక చూపించి వదిలేస్తే అది ఊహే.

మొదటి అక్షరం గురించి ఒక మాట. నేటి ఐస్లాండ్, నార్వే వాళ్లు ఈ చోట పై పళ్లను కింది పెదవికి ఆనించి పలుకుతారు. వైకింగుల కాలంలో మాత్రం అది రెండు పెదవులూ గుండ్రంగా చుట్టి పలికే ధ్వని, ఇంగ్లిష్ ‘విండ్’లో ఉన్నదే. తెలుగు లిపిలో రెంటికీ వకారమే కాబట్టి ఈ తేడా మనకు రాతలో కనపడదు. అప్పట్లో ధ్వని ఒకటే కాబట్టి ఈ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చేటప్పుడు ముందు సగానికి ఏ మార్పూ అక్కర్లేకపోయింది. గాలికి రెండు భాషల్లోనూ దాదాపు ఒకే మాట. కన్నుకు కూడా ‘ఔగ’, ‘ఎయగె’ దగ్గరివే. పక్కింటి నార్స్ మనిషి నోట విండౌగ విన్న ఇంగ్లిష్ రైతుకు దాని అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

పక్కిల్లు అనడం అతిశయోక్తి కాదు. 793లో ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో మొదలైన వైకింగుల రాక 865 తర్వాత స్థిరనివాసంగా మారింది. ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో డేన్‌లా అనే పెద్ద భూభాగం వాళ్ల చట్టం కింద నడిచింది. 1016 నుంచి 1035 దాకా డెన్మార్క్‌కు చెందిన క్నూట్ ఇంగ్లండ్ రాజుగా ఉన్నాడు. ఆ కాలంలో ఇంగ్లిష్‌లోకి చేరిన నార్స్ మాటలు చూస్తే ఆ కలయిక ఎలాంటిదో తెలుస్తుంది: ఎగ్, నైఫ్, స్కిన్, లెగ్, స్కై, లా. చివరికి ‘దే’ అనే సర్వనామం కూడా. ఆస్థానంలో వాడే మాటలు వీటిలో దాదాపు లేవు. వంటింట్లో, పశువుల కొట్టంలో, పొలం గట్టు మీద రోజూ వాడేవే ఎక్కువ. విండో ఆ గుంపులోది.

ఆ మాట నార్స్ వాళ్లదేనని చెప్పే సాక్షులు ఇంగ్లండ్ బయట కూడా ఉన్నారు. డేనిష్‌లో కిటికీ ‘విందూ’. నార్వేలో ‘విన్దు’, అక్కడి మరో రాత భాషలో ‘విన్దౌగె’. ఫారో దీవుల్లో కూడా ఇదే మాట వాడుకలో ఉంది. ఐరిష్‌లో ‘ఫున్యోగ్’, స్కాట్లండ్ గేలిక్‌లో ‘ఉన్యాగ్’ అంటారు. ఇవి ఇంగ్లిష్, నార్స్‌ల కుటుంబానివి కావు, కెల్టిక్ అనే వేరే కుటుంబపు భాషలు. వీటికి ఈ మాట ఇంగ్లిష్ నుంచి రాలేదు, డబ్లిన్ వంటి చోట్ల స్థిరపడిన నార్స్ వాళ్ల నుంచి నేరుగా వచ్చింది. చివరనున్న గకారం అందుకు గుర్తు. ఇంగ్లిష్ పోగొట్టుకున్న ధ్వనిని అవి నిలుపుకున్నాయి. విచిత్రంగా, పాత నార్స్‌కు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఐస్లాండిక్‌లో మాత్రం మామూలు వాడుకలో కిటికీకి ‘గ్లుగ్గి’ అనే వేరే మాట ఉంది. స్వీడిష్ కూడా లాటిన్ నుంచి వచ్చిన ‘ఫోన్‌స్టెర్’ను పట్టుకుంది.

అప్పటి ‘విండౌగ’ను నేటి అద్దాల కిటికీలా ఊహించుకోకూడదు. నార్స్ వాళ్ల పొడవాటి ఇంట్లో నేల మధ్య పొయ్యి ఉండేది. పొగగొట్టం లేదు. వేడెక్కిన పొగ పైకి లేస్తుంది కాబట్టి అది పోవడానికి కప్పులోనో, గోడ పైభాగంలోనో చిన్న సందు వదిలేవారు. సందు పెద్దదైతే చలి, వాన లోపలికి వస్తాయి. మరీ చిన్నదైతే పొగ తిరిగి ఇంట్లోనే కమ్ముకుంటుంది. గాజు లేదు. మూయాల్సి వస్తే చెక్క తలుపో, పల్చటి జంతు పొరో, నూనె పట్టించిన గుడ్డో అడ్డం పెట్టేవారు. ఇందులోంచి బయటికి చూడటం ఎవరి ఉద్దేశమూ కాదు. కన్నులా గుండ్రంగా, చిన్నగా ఉన్న ఆ సందులోంచి గాలి వచ్చిపోయేది, అంతే.

ఇంగ్లండ్‌లో గాజు అంతకుముందు లేదని కాదు. 674లో మొదలైన మంక్‌వేర్‌మత్ మఠానికి గాజు పెట్టించడానికి దాన్ని స్థాపించిన బెనెడిక్ట్ బిస్కప్ గాల్ దేశం నుంచి, అంటే నేటి ఫ్రాన్స్ ప్రాంతం నుంచి, పనివాళ్లను పిలిపించాడు. ఆ పని బ్రిటన్‌లో ఎవరికీ తెలియదని చరిత్రకారుడు బీడ్ రాశాడు. అది మఠాలకు, చర్చీలకు. సామాన్యుల ఇళ్లలోకి గాజు విరివిగా వచ్చింది 16, 17 శతాబ్దాల్లోనే. అప్పటికి మాట స్థిరపడి మూడు నాలుగు వందల ఏళ్లయింది. గాలిని ఆపి వెలుతురును రానిచ్చే గాజు పలకకు గాలికన్ను అనే పేరే అలా ఉండిపోయింది.

నార్స్ మాట రాకముందు ఇంగ్లిష్ వాళ్లు కిటికీని ఏమనేవారు? రెండు మాటలున్నాయి: ‘ఎయగ్‌థిర్ల్’, అంటే కంటిరంధ్రం, ‘ఎయగ్‌దురు’, అంటే కంటితలుపు. రెండిట్లోనూ కన్ను ముందుంది, గాలి లేదు. 4వ శతాబ్దంలో ఇంగ్లిష్, నార్స్‌ల పాత బంధువైన గోథిక్ భాషలోకి అనువదించిన బైబిల్‌లో, పౌలును గంపలో కూర్చోబెట్టి కిటికీలోంచి దింపిన ఘట్టంలో ‘ఔగదౌరో’ అనే మాట ఉంది. అదీ కంటితలుపే. ఇంగ్లిష్‌కు దగ్గరి చుట్టమైన పాత ఫ్రిసియన్ భాషలో మాత్రం ‘ఆందెర్న్’, ఊపిరితలుపు. అంటే ఇంగ్లిష్, జర్మన్, నార్స్ ఉన్న జర్మానిక్ కుటుంబపు భాషల వాళ్లకు కిటికీకి వారసత్వంగా వచ్చిన ఒకే మాట లేదు. కన్ను, తలుపు, రంధ్రం, గాలి, ఊపిరి అనే ముడిసరుకుతో ఎవరికి వారు పేర్లు కట్టుకున్నారు. ఎయగ్‌థిర్ల్ పూర్తిగా పోయింది గానీ దాని రెండో సగం ఇంకా బతికే ఉంది. ముక్కుపుటానికి ఇంగ్లిష్ మాట ‘నాస్ట్రిల్’లో ఉన్నది ఆ ‘థిర్లే’: ముక్కురంధ్రం. అందులో ముక్కును చెప్పే ‘నాస్’, మన ‘నాసిక’ బంధువులే.

1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక, ఫ్రెంచి వాళ్ల ద్వారా లాటిన్ ‘ఫెనెస్త్ర’ కూడా ఇంగ్లండ్ చేరింది. ‘ఫెనెస్టర్’ రూపంలో 16వ శతాబ్దం మధ్య దాకా విండోకు పోటీగా నిలిచింది. జర్మన్, స్వీడిష్, వెల్ష్ భాషల్లో లాటిన్ మాటే గెలిచింది. గాజు కిటికీతో పాటే దాని పేరూ వెళ్లడం సహజం. ఇంగ్లిష్ మాత్రం వస్తువు కొత్తదైనా పేరు పాతదే ఉంచుకుంది. ఫెనెస్త్ర ఇంగ్లిష్‌లో ఇప్పుడు ముఖ్యంగా ‘డిఫెనెస్ట్రేషన్’లో కనపడుతుంది. 1618లో ప్రాగ్ కోట కిటికీలోంచి అధికారులను బయటికి విసిరేసిన ఘటనకు చరిత్ర పుస్తకాల్లో ఉన్న పేరది.

ఇక వెనక్కి వెళ్దాం. నార్స్ ‘విండ్ర్’, ఇంగ్లిష్ ‘విండ్’, లాటిన్ ‘వెంతుస్’, వెల్ష్ ‘గ్వింట్’, సంస్కృత ‘వాత’ అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. ఆ మూలం ఇండో యూరోపియన్‌లో, అంటే ఈ భాషలన్నిటి ఉమ్మడి తల్లిభాషలో, ‘వీచు’ అనే అర్థం గల ధాతువుకు ‘చేస్తున్న’ అనే అర్థాన్నిచ్చే ప్రత్యయం చేరిన రూపం. అంటే గాలి అన్నది మొదట ‘వీస్తున్నది’. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో ఇది ‘వా గతిగంధనయోః’. వాయువు, వాతం, వాతావరణం ఈ ధాతువువే. దీపం ఆరిపోవడాన్ని సూచించే ‘నిర్వాణం’ కూడా. ఋగ్వేదంలో కొన్ని చోట్ల ఛందస్సు సరిపోవాలంటే ‘వాత’ను మూడక్షరాలుగా పలకాలి. ధాతువులోని అచ్చుకు, ప్రత్యయంలోని అచ్చుకు మధ్య ఒకప్పుడు ఒక హల్లు ఉండేదని, అది పోయి రెండచ్చులూ కలిసిపోయాయని భాషాశాస్త్రజ్ఞులు చెప్పే మాటకు ఇది గట్టి ఆధారం. తెలుగు ఇళ్లలో కిటికీ పైన, గుమ్మం పైన వదిలే చిన్న సందును ‘వెంటిలేటర్’ అంటాం. అది లాటిన్ ‘వెంతుస్’ సంతానం. విండో, వెంటిలేటర్ ఒకే గోడలో ఉన్న దూరపు చుట్టాలు.

రెండో సగం కథ ఇంత సాఫీగా ఉండదు. కన్నుకు లాటిన్‌లో ‘ఓకులుస్’, రష్యన్ పాత మాట ‘ఓకో’, లిథువేనియన్‌లో ‘అకిస్’, సంస్కృతంలో ‘అక్షి’. అన్నిట్లోనూ ముందు ఒక అచ్చు, వెంటనే కకారం. జర్మానిక్ భాషల్లో కకారం, మాటలో ఏ అక్షరాన్ని ఊని పలికేవారన్న దాన్ని బట్టి హకారమో గకారమో కావాలి. హకారం సంగతి 1822లో భాషాశాస్త్రజ్ఞుడు యాకోబ్ గ్రిమ్ సూత్రంగా చెప్పాడు; గకారం ఎప్పుడొస్తుందో 1870ల్లో కార్ల్ వెర్నర్ తేల్చాడు. ఆ లెక్కన ‘ఔగ’లో గకారం సరిపోతుంది. కానీ దాని ముందు ‘అ’ ఉండాల్సిన చోట ‘ఔ’ ఎలా వచ్చింది? ఏ ధ్వని సూత్రమూ దాన్ని ఇవ్వదు. ఎక్కువమంది ఒప్పుకున్న సమాధానం పక్క మాట ప్రభావం. జర్మానిక్‌లో చెవి పేరు ‘ఔ’తో మొదలవుతుంది. కళ్లు, చెవులు అని ఎప్పుడూ జంటగా పలికే మాటలు ఒకదాని ధ్వనిని మరొకటి లాక్కోవడం భాషల్లో తరచూ జరిగేదే.

ఇక్కడే తెలుగు పాఠకులకు ఆశ్చర్యం కలిగించే విషయం ఉంది. అమరకోశంలోని పురవర్గంలో ‘వాతాయనం గవాక్షః’ అని కిటికీకి రెండు పేర్లు పక్కపక్కనే వస్తాయి. వాతాయనం అంటే వాతానికి అయనం, గాలి నడిచే దారి. గవాక్షంలో ఉన్నది గోవు, అక్షి. విండోలోని గాలి వాతాయనంలో ఉంది. విండోలోని కన్ను గవాక్షంలో ఉంది. అంటే ఒక నార్స్ సమాసంలోని రెండు సగాలూ రెండు సంస్కృత సమాసాల్లో, అదే వస్తువుకు పేర్లుగా, విడివిడిగా దొరుకుతున్నాయి.

గవాక్షం గురించి వ్యాకరణం చెప్పేది ఇంకా బాగుంటుంది. పాణిని సూత్రం ‘అక్ష్ణోఽదర్శనాత్’. కన్ను అంటే చూసే అవయవం అనే అర్థం కానప్పుడు, సమాసం చివర ‘అక్షి’ కాస్తా ‘అక్ష’ అవుతుందని దీని తాత్పర్యం. దీనికి ఇచ్చే ఉదాహరణే ‘గవామక్షీవ గవాక్షః’, ఆవుకన్ను వంటిది అని. ముందు సగంలో ‘గో’ ‘గవ’ కావడానికి ‘అవఙ్ స్ఫోటాయనస్య’ అని మరో సూత్రం. కిటికీలోని కన్ను చూపు కోసం కాదు, ఆకారం కోసం అని ఆ వ్యాకరణం ఒక నియమంగానే గుర్తించింది. నార్స్ వాళ్ల పొగసందు విషయంలోనూ కన్ను చేసిన పని అదే. బౌద్ధ చైత్యాల ముఖద్వారం మీద గుర్రపు నాడా ఆకారంలో ఉండే కమానును కూడా శిల్పశాస్త్రంలో గవాక్షమనే అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో గుంటుపల్లి గుహల్లోని గుండ్రటి చైత్యం ముఖం మీద, చెక్క దూలాలను రాతిలో అనుకరిస్తూ చెక్కిన అలాంటి కమాను చూడవచ్చు.

అయితే దీన్నుంచి ‘విండో సంస్కృతం నుంచి వచ్చింది’ అనే చోటికి దూకకూడదు. తెలుగులో ఇలాంటి విషయాలు చర్చకు వచ్చిన ప్రతిసారీ జరిగే పొరపాటు ఇదే, దీనివల్ల నిజమైన చుట్టరికం కూడా అభాసుపాలవుతోంది. ముక్కల వయసు వేరు, కూర్పు వయసు వేరు. గాలి, కన్ను అనే మాటలు ఇండో యూరోపియన్ భాషలు విడిపోకముందు నుంచీ ఉన్నవి. గాలికన్ను అనే కూర్పు మాత్రం స్కాండినేవియా వాళ్ల దగ్గర, వాళ్లు స్థిరపడిన చోట్ల మాత్రమే కనపడుతుంది. గోథిక్‌కు అది తెలియదు, పాత ఇంగ్లిష్‌కు తెలియదు, లాటిన్‌కు తెలియదు. అది సంస్కృతం నుంచి ప్రయాణించి ఉంటే దారిలో ఎక్కడో అడుగుజాడ ఉండాలి. స్పానిష్‌లో కిటికీ ‘వెంతానా’. అది కూడా గాలి నుంచే వచ్చింది, కానీ లాటిన్ ‘వెంతుస్’ మీద ఆ దేశం వాళ్లు కట్టుకున్న పేరు. రష్యన్ ‘అక్నో’ కన్ను నుంచి వచ్చింది, ఫిన్నిష్ ‘ఇక్కున’ ఆ రష్యన్ మాటకు అరువు. ఒకే వస్తువును చూసిన మనుషులకు ఒకే పోలిక తట్టడానికి అరువు అవసరం లేదు.

పోలిక చూసి మోసపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. ‘వీ’ ఉంది కదా అని తెలుగు ‘వీచు’ను విండ్‌తో కలపకూడదు, అది ద్రావిడ ధాతువు, తమిళంలో ‘వీసు’గా ఉంది. ఒక్క అక్షరమే తేడా కదా అని ‘విండో’ను ‘విడో’తో కలపకూడదు. విడో సమాసం కానే కాదు. సంస్కృత ‘విధవ’కు తోబుట్టువు. ఆ ‘విధవ’ను వి, ధవ అని విడగొట్టి ‘భర్త లేనిది’ అని చెప్పడం మన దగ్గర జరిగిన పొరపాటు. భర్త అనే అర్థంలో ‘ధవ’ అనే మాట ‘విధవ’ను అలా విరిచాకే పుట్టింది. ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీల సంఖ్యను బట్టి ఇంటి పన్ను ఉండేది. దాన్ని తప్పించుకోవడానికి జనం ఇటుకలతో మూసేసిన కిటికీలు ఇప్పటికీ పాత ఇళ్లకు కనపడతాయి. ఇదంతా నిజం. ఆ పన్ను వల్లే ‘డేలైట్ రాబరీ’ అనే నానుడి పుట్టిందని చెప్పేది మాత్రం నిలవదు. ఆ నానుడి రాతల్లోకి వచ్చింది పన్ను ఎత్తేసిన చాలా కాలానికి. దాని అర్థం కూడా పట్టపగలు దోపిడీయే, పగటి వెలుతురును దోచుకోవడం కాదు.

మన వైపు భాషల్లో కిటికీ పేర్లకు ఆధారం గాలీ కాదు, కన్నూ కాదు. తెలుగు ‘కిటికీ’, హిందీ ‘ఖిడ్కీ’ ప్రాకృతంలో చిన్న తలుపు, పక్క తలుపు అనే అర్థం గల ‘ఖడక్కీ’ దగ్గరికి వెళ్తాయి. తమిళ ‘జన్నల్’ పోర్చుగీసు ‘జనేలా’; దాని లాటిన్ మూలానికీ చిన్న తలుపు అనే అర్థం. గ్రామీణ సహకార సంఘాన్ని ‘సింగిల్ విండో’ అని పిలుచుకునే తెలుగు రైతుల నోట మాత్రం ఆ నార్స్ మాట అరువుగా నడుస్తోంది. అక్కడ విండో అంటే అప్పు, విత్తనం, ఎరువు ఒకే చోట దొరికే కౌంటరు.

ఇదే పద్ధతిలో పరిశీలించదగిన మరో నార్స్ సమాసం ‘హస్బెండ్’. ముందుగా పాత రూపం చూడాలి: ‘హూస్‌బోండి’. ‘హూస్’ ఇల్లు. రెండో సగాన్ని ఇంగ్లిష్ ‘బ్యాండ్’గా తీసుకొని ‘ఇంటిని కట్టి ఉంచేవాడు’ అని అర్థం చెప్పే వాళ్లున్నారు. అది తప్పు. ‘బోండి’ అంటే నివసించేవాడు, సొంత భూమి ఉన్న రైతు. ‘నివసించు’ అనే ధాతువుకు ‘చేస్తున్న’ అనే ప్రత్యయం చేరిన రూపమిది. విండ్‌లో ఉన్న ప్రత్యయమే ఇక్కడా ఉంది. ధాతువు సంస్కృత ‘భూ’కు బంధువు, భవనం, భూమి ఆ కుటుంబానివే. ఈ మాట 1066కు ముందే ఇంగ్లిష్‌లో ఉంది. అప్పటి అర్థం ఇంటి యజమాని. భర్త అనే అర్థం 13వ శతాబ్దం చివర వచ్చింది. పాత అర్థం ‘హస్బెండ్రీ’లో నిలిచింది. మన పశుసంవర్ధక శాఖ ఇంగ్లిష్ పేరులో ‘యానిమల్ హస్బెండ్రీ’ అని ఉన్నది అందుకే: అక్కడ హస్బెండ్ అంటే ఇల్లు, పొలం, పశువులు చూసుకునే రైతు.